కృష్ణ నీళ్లా, గండిపేట నీళ్లా: హైదరాబాద్‌కు ఏది మేలు?

మీ కుళాయిలో ఏ నీళ్లొస్తాయని హైదరాబాద్‌లో అడిగితే ఎక్కువమంది కృష్ణ అంటారు, కొందరు మంజీర అంటారు. గండిపేట చెరువు అనేవాళ్లు తగ్గిపోయారు. నాకు బాధ కలిగించేది అదే.

నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. గండిపేటది 1,790. నగరం సుమారు 1,750 అడుగుల ఎత్తున ఉంది. అంటే కృష్ణ నీళ్లను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, అంత ఎత్తుకు, మోటార్లతో తోడి తేవాలి. కరెంటు ఆగితే ఆ నీళ్లూ ఆగుతాయి. గండిపేట నీళ్లు మాత్రం ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా వాలుకు వాటంతటవే నడిచొస్తాయి. 1920లో పూర్తయిన చెరువు ఇది!

అయితే నిండినా అందులో పట్టేది 3.9 టీఎంసీలే. కోటి జనానికి అవెక్కడ సరిపోతాయి? తాగునీటి లెక్కలో కృష్ణదే పైచేయి, ఒప్పుకోవాల్సిందే. బోర్లను నమ్ముకుందామా అంటే కింద ఉన్నది గట్టి గ్రానైట్ రాయి. పైనుంచి ఇంకకపోతే వెయ్యి అడుగులు దింపినా దుమ్మే వస్తుంది.

కానీ చెరువు పని దాహం తీర్చడం ఒక్కటే కాదు. 1908లో మూసీ వరద ఊరిని ముంచెత్తాకే గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు. పైపులో వచ్చే కృష్ణ వానను ఆపలేదు, భూమిలోకి ఇంకించలేదు. మా కాలనీ పక్క కుంటకు అలుగు, అంటే నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు, ఇంకా ఉంది, రాతి అంచు కూడా చెక్కుచెదరలేదు. అలుగు దాటిన నీళ్లు పోయే దారిలోనే ప్రహరీగోడ లేచింది. పెద్ద వాన పడితే ఆ నీళ్లు మా సెల్లార్లలోకి వస్తాయి. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగినప్పుడు పాతబస్తీ కాలనీలు ఏమయ్యాయో చూశాం.

జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర కట్టడాలకు 1996 నాటి 111 జీవో హద్దు పెట్టింది. 2022లో ఆ ఆంక్షలను ఎత్తేస్తూ మరో జీవో వచ్చింది. కృష్ణ వస్తోంది కదా, గండిపేటతో పనేముందన్న వాదన నేను ఒప్పుకోను. నా ఓటు ముందు చెరువుకే, చాలనంత మేరకే నదికి. ఫ్లాటు కొనేవాళ్లు మంచినీళ్ల కనెక్షన్ ఉందా అని అడుగుతారు. దగ్గర్లోని చెరువు అలుగు నీళ్లు ఎటు పోతాయో కూడా అడగండి, వానాకాలంలో ఒకసారి వెళ్లి చూడండి.