ఎచ్మియాడ్జిన్‌కి టూర్ బస్సులో వెళ్ళకండి

మనిషికి 15,000 ఆర్మేనియా డ్రామ్‌లు, అంటే మన డబ్బుల్లో మూడు వేల పైచిలుకు కట్టించుకున్నారు. ఆర్మేనియా క్రైస్తవుల ప్రధాన పీఠమైన ఎచ్మియాడ్జిన్‌లో మాకిచ్చింది ముప్పావుగంట. ఆ తర్వాత బ్రాందీ దుకాణంలో గంటన్నర కూర్చోబెట్టారు. మా ఇంట్లో ఎవరం తాగం. మా ఆవిడ కోపంతో బస్సులోంచి దిగనేలేదు.

అదే టూర్‌లో చూపించిన గార్ని పాత గుడి, సెవాన్ సరస్సు బాగానే జరిగాయి. నాకు మండింది కెథడ్రల్ దగ్గర. గుమ్మానికి దగ్గర్లోనే కథోలికోస్, అంటే ఆర్మేనియన్ చర్చి అధిపతి, మొదటి వాజ్‌గెన్ సమాధి ఉంది. గైడ్ అటు చెయ్యి ఊపి, ఎవరో పాత మతగురువు అని చెప్పి లోపలికి తోలుకుపోయాడు. నేను అంత దూరం వెళ్ళింది ముఖ్యంగా ఆయన కోసమే.

రాజధాని యెరెవాన్‌లో మెడిసిన్ చదువుతున్న మేనల్లుడిని వెంటబెట్టుకుని ఆదివారం మళ్ళీ వెళ్ళాను. యెరెవాన్ నుంచి ఇరవై కిలోమీటర్లే. బస్సుకి 300 డ్రామ్‌లు, వచ్చేటప్పుడు యాప్‌లో టాక్సీకి 3,000. హోటల్ బయట నిలబడే టాక్సీవాడు అదే దూరానికి 12,000 అడిగాడు. వాళ్ళతో బేరం పెట్టుకోవద్దు.

ఈసారి తీరిగ్గా చూశాను. ఆ పాలరాయి మీద ఎవరో ఎర్ర కార్నేషన్లు పెట్టి వెళ్ళారు. ఒక ముసలావిడ వంగి రాతిని ముట్టుకుని, ఆ చెయ్యి పెదాలకి ఆనించుకుంది. అసలు ఆయనేం చేశాడని మావాడు అడిగాడు. నేను మొదలుపెట్టాక ఆపలేదు.

1938లో కథోలికోస్ మొదటి ఖొరెన్ చనిపోయాడు. సోవియట్ రహస్య పోలీసులే చంపారని ఆర్మేనియన్లు చెబుతారు. ఆ తర్వాత 1945 దాకా పీఠం ఖాళీ. రొమేనియాలో పుట్టి, అక్కడే బిషప్ అయిన వాజ్‌గెన్‌ని 1955లో ఎన్నుకున్నారు. అప్పటికి ఆయనకి నలభై ఏడేళ్ళు. ప్రభుత్వంతో నేరుగా తలపడితే పీఠం మళ్ళీ మూతపడేది. అందుకని మాస్కోతో మర్యాదగా ఉంటూనే పాత గుళ్ళు బాగు చేయించాడు, విదేశాల్లోని ఆర్మేనియన్ల దగ్గరికి తిరిగాడు. 1915లో ఒట్టోమన్ తుర్కులు చేసిన ఆర్మేనియన్ల మారణహోమంలో పోయినవాళ్ళ స్మారకం 1965లో ఈ ప్రాంగణంలోనే నిలబెట్టించాడు. ప్రభుత్వం చెప్పినట్టల్లా విన్నాడని అనేవాళ్ళున్నారు. పక్క అజర్‌బైజాన్‌లోని కరబాఖ్ ప్రాంతాన్ని ఆర్మేనియాలో కలపాలని 1988లో ఉద్యమం రేగినప్పుడు జనాన్ని శాంతించమన్నందుకు చాలామంది నొచ్చుకున్నారు కూడా. నా మట్టుకు ఆ రాజీలే ఈ గుడిని నిలబెట్టాయి. 1991లో దేశం స్వతంత్రమవడం చూసి, 1994లో కన్నుమూశాడు. ఆర్మేనియా జాతీయ వీరుడు బిరుదు మొట్టమొదట దక్కింది ఆయనకే.

లోపల ప్రార్థన జరుగుతోంది. కొవ్వొత్తి 100 డ్రామ్‌లు. గుడిలోంచి బయటికొచ్చేవాళ్ళు బలిపీఠానికి వీపు చూపించకుండా వెనక్కి అడుగులేస్తూ వస్తారు. మావాడు అది చూసి, ఎవరూ చెప్పకుండానే, తనూ అలాగే నడిచాడు.

భోజనం సంగతి చెప్పాలి. శాకాహారులు ఆర్మేనియాలో ఆకలితో చస్తారని బయల్దేరేముందు భయపెట్టారు. బజారులో ఒకావిడ పలచగా ఒత్తిన పిండిలో రకరకాల ఆకుకూరలు కుక్కి, పెనం మీద కాల్చి ఇచ్చింది. జింగ్యాలోవ్ హాట్స్ అంటారట, కరబాఖ్ వంట. ఒక్కోటి 1,000 డ్రామ్‌లు. కొత్తిమీర, ఉల్లికాడల వాసన వేడి వేడిగా ముక్కుకి తగిలింది. మా ఆవిడకి రెండు కట్టించి తీసుకెళ్ళాను, ఆమె అలక అక్కడితో తీరింది.

వెళ్ళేవాళ్ళు సగం రోజు కేటాయించండి. నడిచి వెళ్ళేంత దూరంలో 618 నాటి హ్రిప్సిమే, 630 నాటి గయానే గుళ్ళున్నాయి. వీలైతే ఆదివారం పొద్దున్నే చేరండి. ఆడవాళ్ళు తల మీదికి ఒక చున్నీ ఉంచుకోవడం మంచిది.