వాన్ డెర్ వార్ట్ పూలకూజాల కోసం నెదర్లాండ్స్‌లో: ఏ ఊరు, ఏ మ్యూజియం, ఎక్కడ బస

నెదర్లాండ్స్ మట్టిపాత్రలు అనగానే మనవారు డెల్ఫ్ట్ ఊరికి వెళ్లి, నీలం తెలుపు పళ్లెం ఒకటి కొనుక్కుని తిరిగి వచ్చేస్తారు. 1653లో మొదలైన రాయల్ డెల్ఫ్ట్ కార్ఖానాలో చిత్రకారులు చేత్తో నీలిరంగు వేయడం దగ్గరగా చూడవచ్చు కాబట్టి పిల్లలతో వెళ్లేవారికి అది చక్కని చోటే. అయితే నేను వెళ్లింది యాన్ వాన్ డెర్ వార్ట్ (1931–2000) అనే డచ్ మట్టిపాత్రల కళాకారుడు చేసిన కూజాల కోసం.

ఈయన ఈ విద్యను చాలావరకు సొంతంగానే నేర్చుకుని, 1968 నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లోని రీట్‌వెల్డ్ అకాడమీ అనే కళాశాలలో పాఠాలు చెప్పారు. ఈయన కూజాలకు పువ్వులూ లతలూ ఉండవు. కోణాలు, పలకలు, గొట్టాలు, వాటి మీద కంచు రంగు గ్లేజ్ (కాల్చాక గాజులా గట్టిపడే పూత), అంతే. పదిహేడో శతాబ్దపు డెల్ఫ్ట్ టులిప్ కూజాల్లాగా అనేక మూతులున్న పాత్రలను కూడా తనదైన జ్యామితిలో మళ్లీ తయారు చేశారు. మంచి కూజా సామాన్యుడికి అందే ధరలో ఉండాలని నమ్మి, ఒకే నమూనాను అచ్చుల్లో పోసి పదేపదే తయారు చేయడం నాకు ఆయనలో అన్నిటికన్నా నచ్చిన విషయం.

ఆయన తరం పనిని అర్థం చేసుకోవడానికి నా ఓటు ఉత్తరాన ఉన్న లేవార్డెన్‌లోని ప్రిన్సెస్సెహోఫ్ మ్యూజియానికే. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైలులో సుమారు రెండున్నర గంటల ప్రయాణం, స్టేషన్ నుంచి నడక దూరం, సోమవారం సెలవు. చిత్రకారుడు ఎషర్ 1898లో పుట్టింది ఈ భవనంలోనే. చైనా పాత్రల నుంచి ఆధునిక డచ్ పని వరకు ఒకే కప్పు కింద ఉండడంతో ఎవరు ఎవరి దగ్గర ఏమి తీసుకున్నారో కంటికి తెలిసిపోతుంది. రాటర్‌డామ్‌లో 2021లో తెరిచిన బోయ్‌మన్స్ డిపో, అంటే సందర్శకులు కూడా చూడగల మ్యూజియం గిడ్డంగి, భవనంగా అద్భుతమే గాని, అక్కడ లక్షన్నర వస్తువులను కాలక్రమంలో కాక, వాటికి అవసరమైన వాతావరణాన్ని బట్టి భద్రపరుస్తారు. అందువల్ల ఒక కళాకారుడి పనిని వరుసగా చూడాలని వెళ్లేవారికి నిరాశే మిగలవచ్చు.

బస విషయంలోనూ నేను లేవార్డెన్ వైపే మొగ్గుతాను. ఆమ్‌స్టర్‌డామ్‌లో మేము దిగిన చోట లిఫ్టు లేదు, మెట్లు నిచ్చెనలా నిలువుగా ఉన్నాయి, పెట్టె పైకి చేర్చడానికి సాయం అడిగితే పలికిన వారు లేరు. లేవార్డెన్‌లో తక్కువ అద్దెకే కాలువ పక్కన విశాలమైన గది దొరికింది. శాకాహారులకు మాత్రం అక్కడ రాత్రి భోజనం కొంచెం ఇబ్బందే.

గాజు వెనక ఉన్న కూజాను ఎంతసేపు చూసినా దాని బరువు తెలియదు. ఆ లోటు తీరింది డెల్ఫ్ట్‌లోనే, వేసవి శనివారాల్లో కాలువ గట్టున జరిగే పాత సామాన్ల సంతలో. అక్కడ ఒక ఆరుపలకల కూజాను చేతిలోకి తీసుకుంటే, అంచుల దగ్గర గ్లేజ్ పలచబడి కింది మట్టి గోధుమ రంగులో తొంగి చూసింది, లోపల వేలు పోనిస్తే అచ్చు అతుకు సన్నని గీతలా తగిలింది. అడుగున సంతకం లేదు కాబట్టి అది ఆయన పని అని చెప్పలేనని అమ్మే ఆవిడ ముందే చెప్పేశారు, అందుకు తగ్గట్టే ధర కూడా తగ్గించారు. సంతకమున్నవి పురావస్తువుల దుకాణాల్లో దొరుకుతాయి గాని, అందరికీ అందాలని అచ్చు పోసిన పాత్రలకు ఇప్పుడు అక్కడ చెప్పే ధరలు సామాన్యుడివి కావు. దేశమంతటా ఉన్న క్రింగ్‌లోప్ అనే సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో ఓపికగా వెతకడం నయం. కొన్నాక మాత్రం కూజా లోపల కూడా బట్టలు కుక్కి, చేతి సంచిలోనే విమానం ఎక్కించండి.