కాఫీ, చాక్లెట్ వేసిన మిల్క్ స్టౌట్ తాగి చూశాం

ముందే చెప్పేస్తా, ఇందులో కాఫీకి ఫస్ట్ క్లాసు, చాక్లెట్‌కి అత్తెసరు మార్కులు. లండన్‌లో ఉండే మా బావ పండక్కి విజయనగరం వస్తూ స్కాచ్‌కి బదులు మిల్క్ స్టౌట్ అనే ఈ నల్ల బీరు 440 మిల్లీలీటర్ల క్యాన్లు పట్టుకొచ్చాడు. అక్కడెవరో చిన్న బ్రూవరీ వాళ్ళు ఒక్క బ్యాచ్ చేసి వదిలేసిన సరుకట, మళ్ళీ దొరకదు కాబట్టి పేరు రాసి మిమ్మల్ని ఊరించడం దండగ. ఒక్కో క్యాను మన డబ్బుల్లో 500 దాటింది, ఆ డబ్బుతో మన వైన్ షాపులో ఇద్దరు సుబ్బరంగా తాగి ఇంటికెళ్ళొచ్చు.

ఇందులో పాలు ఉండవు. "బీరులో పాలు పోస్తే విరిగిపోవా?" అని మా అమ్మ అడిగింది, సబబైన ప్రశ్నే. వేసేది పాల నుంచి తీసిన లాక్టోజ్ అనే చక్కెర. పంచదార వేస్తే ఈస్ట్ మొత్తం తినేసి ఆల్కహాల్ చేసేస్తుంది, తీపి మిగలదు. లాక్టోజ్ మాత్రం బీరు ఈస్ట్‌కి అరగదు, అందుకే చివరిదాకా అలాగే ఉండిపోయి కాస్త తీపి, కాస్త చిక్కదనం ఇస్తుంది. ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతంలోని హైత్ అనే ఊళ్ళో మెకెసన్ అనే బీరు కంపెనీ వాళ్ళు 1900ల మొదట్లోనే దీన్ని ఒంటికి బలమని చెప్పి అమ్మారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి ప్రభుత్వం లేబుల్ మీద మిల్క్ అన్న మాట వద్దంటే, మాట తీసేసి పాల క్యాను బొమ్మ మాత్రం ఉంచుకున్నారు, తెలివి చూడండి! నవ్వులాట పక్కన పెడితే, పాలు తాగితే కడుపు ఉబ్బరించే వాళ్ళు దీని జోలికి వెళ్ళకండి.

గ్లాసులో పోయగానే మా చిన్నాన్న కొడుకు "ఏటన్నియ్యా ఇది, బండి సర్వీసింగులో తీసిన ఆయిలా?" అన్నాడు. రంగు అదే మరి, ట్యూబ్‌లైటుకి అడ్డం పెట్టి చూస్తే అంచుల దగ్గర మాత్రం కొంచెం ఎరుపు కనిపించింది. నురగ లేత గోధుమ రంగులో బాగానే లేచింది కానీ చూస్తుండగానే పడిపోయింది. కోకో గింజల్లో కొవ్వు ఉంటుంది, కొవ్వు తగిలితే నురగ నిలవదు, కాబట్టి నిజంగానే కోకో వేసినట్టున్నారు. క్యాను మీద ఉత్త చాక్లెట్ మాల్ట్ అని ఉంటే నమ్మేవాణ్ణి కాదు, అది బాగా మాడేలా వేయించిన బార్లీ, అందులో చాక్లెట్ పిసరంత కూడా ఉండదు.

ఇక రుచి. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తాగితే నల్లటి చేదు నీళ్ళు, అంతే. మన ఉక్కపోతకి బీరంటే పళ్ళు జివ్వుమనాలి, నిజమే, కానీ దీనికి ఆ పద్ధతి పనికిరాదు. ఓ పావుగంట బయట పెట్టి, గ్లాసు మీద చెమట ఆరే వేళకి మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుంటే అప్పుడే మిల్లులో పొడి కొట్టించిన కాఫీ వాసన గుప్పుమంది. గుక్క వేస్తే ముందు నాలుక మీద లైటుగా తీపి, దాని వెనకే కాఫీ, మింగాక గొంతులో మాడిన రొట్టె అంచు చేదు, అది కాసేపు ఉండి పోతుంది. ఈ కాఫీ రుచి ఇంత శుభ్రంగా రావడానికి కారణం క్యాను మీదే రాశారు: కాఫీని చల్లటి నీళ్ళలో నానబెట్టి తీసిన డికాషన్‌ని బీరు పులిశాక కలిపారట. మరిగేటప్పుడే పొడి పడేస్తే వచ్చే కషాయం రుచి ఇందులో ఎక్కడా తగల్లేదు.

చాక్లెట్ వాసనలో ఉంది, నోట్లోకి వచ్చేసరికి వెతుక్కోవాలి. అచ్చమైన కోకోకి తీపి ఉండదని తెలుసు, షాపులో దొరికే మిల్క్ చాక్లెట్ రుచి నేనూ ఆశించలేదు. కానీ రెండూ చేదు సరుకులే కావడంతో కాఫీ దాన్ని మింగేసింది. అలాంటప్పుడు పేరులో అంత పెద్ద అక్షరాలు ఎందుకో! ఆల్కహాల్ 5.5 శాతం, రంగు చూసి ఘాటనుకుంటారు గానీ మన స్ట్రాంగ్ బీర్ల కంటే తక్కువే, కిక్కు కోసం చూసేవాళ్ళకి ఇది దండగ. పైగా సగం క్యాను అయ్యేసరికి తీపి మొహం మొత్తుతుంది, ఒక క్యాను ఇద్దరు పంచుకుంటే సరిపోతుంది.

నంజుకోవడానికి చికెన్ పకోడీ తెచ్చారు, అస్సలు కుదరలేదు, కారం తగిలేసరికి బీరులో చేదు రెట్టింపైంది. పలాస జీడిపప్పు నేతిలో దోరగా వేయించి ఉప్పు మాత్రం చల్లి ఇచ్చింది మా అక్క, అది మాత్రం అద్భుతం. పప్పు నమిలాక ఒక గుక్క వేస్తే, అప్పటిదాకా దాక్కున్న చాక్లెట్ కూడా కాస్త బయటికొచ్చింది. మిరియాలు చల్లకండి, మళ్ళీ మొదటికొస్తుంది.

ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కితే అరకు, అక్కడి అరబికా కాఫీకి 2019లోనే జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతం సరుకని ఇచ్చే ముద్ర, వచ్చింది. కాఫీ తోటలు ఇంత దగ్గర పెట్టుకుని ఇలాంటి బీరు కోసం లండన్ నుంచి వచ్చే బావ సూట్‌కేసు మీద ఆధారపడటం ఏం బాగుంది? విశాఖలోనో ఇంకెక్కడో బీరు కాసేవాళ్ళు ఎవరైనా అరకు గింజలతో చేస్తే వెళ్ళి తాగొస్తా. ఖర్చు తగ్గించుకోవాలంటే చాక్లెట్ మానేసినా నాకేం అభ్యంతరం లేదు.