పాత స్లాట్ కార్ చాసిస్‌కి పిట్‌మన్ మోటరా, మబూచీనా?

స్లాట్ కార్ అంటే ట్రాక్‌లోని గాడి పట్టుకుని కరెంటుతో పరిగెత్తే బొమ్మ కారు. 1960ల నాటి 1/24 స్కేల్ (అసలు కారులో 24వ వంతు) చాసిస్ ఒకటి దొరికింది, మోటర్ లేదు, బాడీ లేదు. అందరం ముందు దానికి ఏ బాడీ నప్పుతుందా అనే చూస్తాం, నేనూ అదే చేసి దెబ్బతిన్నా. వెనక యాక్సిల్ దగ్గర మోటర్ కూర్చునే బ్రాకెట్ చూడండి ముందు. మోటర్ కారు పొడుగునా పడుకుంటే ఇన్‌లైన్, దానికి క్రౌన్ గేర్ (తిప్పుడుని అడ్డంగా మళ్లించే పళ్ల చక్రం) కావాలి, అడ్డంగా పడుకుంటే సైడ్‌వైండర్, మామూలు తిన్నటి పళ్ల స్పర్ గేర్ చాలు.

పిట్‌మన్ అంటే అమెరికా కంపెనీ, డీసీ-65 లాంటివి, చుట్టూ డబ్బా ఉండదు, ఆర్మేచర్ (తీగ చుట్టిన, తిరిగే భాగం) తిరగడం కంటికి కనిపిస్తుంది. చూడ్డానికి దాని తర్వాతే ఏదైనా. కానీ బరువు, పైగా లోపల ఆల్నికో అనే లోహ మిశ్రమం మ్యాగ్నెట్, క్లీన్ చేద్దామని ఆర్మేచర్ బయటికి లాగేసి ఆ ఖాళీలో ఇనుప ముక్క పెట్టకపోతే పవర్ పడిపోతుంది, మళ్లీ మ్యాగ్నెటైజ్ చేయించుకోవాల్సిందే. జపాన్ మబూచీ ఎఫ్‌టీ-16డీకి ఆ గొడవ లేదు, రేకు డబ్బా, రెండు వైపులా చదునుగా ఉంటుంది కాబట్టి ఎత్తు తక్కువున్న బాడీలో కూడా ఇమిడిపోతుంది. అదే మబూచీ వాళ్ల 36డీ పెద్దది, చోటు కొలుచుకుని కొనండి.

మబూచీ బిగించేది చిన్న చిన్న స్క్రూలతోనే. నేనోసారి స్క్రూల డబ్బాలోంచి చేతికొచ్చిన స్క్రూ పెట్టేశా, రెండు మూడు మిల్లీమీటర్లు పొడుగంతే, అది లోపలికెళ్లి ఆర్మేచర్ తీగ చుట్టు గీకేసింది, కరెంట్ ఇవ్వగానే కాలిన వాసన, ఆ ఆర్మేచర్ పోయినట్టే. అప్పట్నుంచి ముందు చేత్తో తిప్పి చూసి గానీ వైరు తగిలించను. ఇత్తడి చాసిస్ అయితే సోల్డర్ పెట్టొచ్చు గానీ మోటర్ వెనక ప్లాస్టిక్ మూత దగ్గర వేడి తగలనివ్వకండి, కరిగి బ్రష్‌లు (ఆర్మేచర్‌కి కరెంట్ అందించే ముక్కలు) పక్కకి పోతాయి. కాక్స్ అనే కంపెనీ వాళ్ల మెగ్నీషియం ఫ్రేమ్ అయితే మాత్రం సోల్డర్ అంటదు, స్క్రూలే గతి.

ఇక బాడీ. గట్టి ప్లాస్టిక్ బాడీ అచ్చం అసలు కారులాగే ఉంటుంది, కానీ బరువంతా పైన కూర్చుంటుంది కదా, మలుపులో కాస్త స్పీడ్ ఎక్కువైతే బోల్తా. పల్చటి లెక్సాన్ (పారదర్శక ప్లాస్టిక్) బాడీకి రంగు లోపలి వైపు వేస్తారు కాబట్టి గోడకి రాసుకున్నా గీతలు తొందరగా పడవు, చాసిస్ పక్కనున్న సన్న గొట్టాల్లోకి బాడీ మీంచి గుండుసూదులు గుచ్చితే నిలబడిపోతుంది. అప్పటి బ్యూటిరేట్ అనే ప్లాస్టిక్ బాడీలు దొరికితే ట్రాక్ మీద పెట్టకండి, పసుపెక్కి పెళుసుగా అయిపోయుంటాయి.

రోజూ నడిపేదానికైతే నా ఓటు 16డీ, పైన లెక్సాన్. పిట్‌మన్‌కి మాత్రం గట్టి బాడీ పెట్టా, అది అద్దాల బీరువాలోనే ఉంటుంది, ఆదివారం ఆదివారం తీసి రెండు రౌండ్లు తిప్పి, యాక్సిల్‌కి ఓ చుక్క నూనె వేసి మళ్లీ లోపల పెట్టేస్తా.