బెంగళూరు లేబర్ రూముల్లో లాఫింగ్ గ్యాస్ ఎంతవరకు పనికొస్తుంది?

మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు కాన్పుకు ఆస్పత్రి వెతుక్కునే తెలుగువాళ్లకు ‘నొప్పిలేని ప్రసవం’ అనే మాట తరచూ వినిపిస్తుంది. చాలాచోట్ల దానర్థం ఎపిడ్యూరల్, అంటే నడుము దగ్గర వెన్నులో సన్న గొట్టం పెట్టి ఇచ్చే మత్తుమందు. ఎంటొనాక్స్ అంటే మాత్రం లాఫింగ్ గ్యాస్: సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్. దీనితో నొప్పి పోదు, పదును తగ్గుతుంది, కంగారు తగ్గుతుంది. ఈ తేడా ముందే చెప్పని ఆస్పత్రిని మేం మెచ్చుకోం.

పనితనమంతా టైమింగ్‌లో ఉంది. పీల్చిన గ్యాస్ పూర్తిగా పనిచేయడానికి 45 నుంచి 60 సెకన్లు పడుతుంది. నొప్పి బాగా ఎక్కాక మాస్క్ అందుకుంటే, గ్యాస్ పట్టేసరికి నొప్పి దిగిపోతుంది, తల తిరగడమే మిగులుతుంది. పొట్ట బిగుసుకోవడం మొదలవగానే మాస్క్‌ను ముక్కూ నోరూ కప్పేలా ఆనించి, నిదానంగా, లోతుగా పీల్చాలి, మాస్క్‌లోకే వదలాలి. పీల్చినప్పుడల్లా వాల్వ్ తెరుచుకున్న చప్పుడు వినపడాలి. వినపడలేదంటే మాస్క్ అంచు సరిగ్గా ఆనలేదేమో చూసుకోవాలి. నొప్పి దిగుతుండగా తీసేయాలి. నొప్పులు లెక్కగా వస్తుంటే అర నిమిషం ముందే మొదలుపెట్టొచ్చు.

మాస్క్ నొప్పులు పడుతున్నామె చేతిలోనే ఉండాలి. భర్తయినా, అమ్మయినా జాలిపడి పట్టుకోకూడదు. మగత ఎక్కువైతే చెయ్యి జారి మాస్క్ దానంతటదే ఊడుతుంది, మామూలు గాలి పీల్చగానే తేరుకుంటారు. వేరేవాళ్లు పట్టుకుంటే ఆ రక్షణ పోయినట్టే.

వికారం, నోరు ఎండటం మామూలే. నొప్పికీ నొప్పికీ మధ్య గుక్కెడు నీళ్లు తాగనివ్వమని అడగండి. నొప్పి తగ్గడానికి ఇచ్చే పెథిడిన్ ఇంజెక్షన్ కాన్పుకు కొద్ది గంటల ముందు పడితే బిడ్డ మగతగా పుట్టొచ్చు. గ్యాస్ నిమిషాల్లోనే ఒంట్లోంచి పోతుంది కాబట్టి ఆ బెంగ ఉండదు. బి12 తక్కువున్నవాళ్లు మాత్రం ముందే డాక్టర్‌కు చెప్పాలి, నైట్రస్ ఆక్సైడ్ ఆ విటమిన్‌ను పనిచేయనివ్వదు. మాంసం, గుడ్లు ముట్టని ఇళ్లలో ఈ లోటు బాగా కనిపిస్తుంది. ఈమధ్య కంట్లో గ్యాస్ నింపి ఆపరేషన్ చేసినవాళ్లకు అసలు ఇవ్వకూడదు.

తొలిచూలు, పైగా నొప్పులు రావడానికి డ్రిప్ పెట్టారంటే ఎపిడ్యూరలే మేలు. అది పట్టడానికి 15–20 నిమిషాలు పడుతుంది, బీపీ పడిపోవచ్చు, మత్తు డాక్టర్ అందుబాటులో ఉండాలి. రెండో కాన్పు వేగంగా సాగుతూ అంత వ్యవధి లేనప్పుడు, కుట్లు వేసేటప్పుడు గ్యాస్ బాగా ఆదుకుంటుంది.

ఆస్పత్రి చూడటానికి వెళ్లినప్పుడు బ్రోషర్‌తో సరిపెట్టుకోకండి. సిలిండర్ లేబర్ రూమ్‌లోనే ఉంటుందా, ఛార్జీ గంటకా, మొత్తానికా అని అడగండి. వదిలిన గ్యాస్‌ను బయటకు లాగే ఏర్పాటు ఉందో లేదో చూడండి. అది లేకపోతే రోజూ ఆ గదిలో పనిచేసే నర్సులే పీల్చాల్సి వస్తుంది. ఆ మాస్క్‌ను ఒకసారి చేతికివ్వమనండి, ఎలా పీల్చాలో రాత్రి డ్యూటీ నర్సు చేతే చూపించమనండి.