మన ఏనుగు, ఆఫ్రికా ఏనుగు: రెండు జంతుభౌగోళిక మండలాలు

బహదూర్‌పురా జూపార్కుకు వెళ్తే ఏనుగు దగ్గర కాసేపు ఆగండి. గడ్డి అందుకునేటప్పుడు తొండం కొసన పైవైపు వేలులాంటి మొన ఒక్కటే కనిపిస్తుంది. ఆఫ్రికా ఏనుగుకు అవి రెండు, చెవులూ బాగా పెద్దవి. ఖడ్గమృగానికీ అంతే: మనదానికి ఒక్క కొమ్ము, అక్కడివాటికి రెండు.

ఎక్కడ ఏ జంతువులు బతుకుతాయో చూసి భూమిని పెద్ద మండలాలుగా విడదీస్తారు. ప్రకృతి శాస్త్రవేత్త వాలేస్ 1876లో వివరించిన అలాంటి మండలాల్లో మనది ఓరియంటల్, ఆఫ్రికాది ఇథియోపియన్. మనకు ఉత్తరాన హిమాలయాలు అడ్డుగోడ, వాళ్లకు సహారా ఎడారి. రెండూ చాలామటుకు ఉష్ణప్రాంతాలే. మన హైదరాబాద్ జూన్‌లో నైరుతి రుతుపవనాల కోసం ఆకాశం వైపు చూస్తుంది. కాంగో నడిబొడ్డున మాత్రం దాదాపు ఏడాదంతా వానలే, దాని చుట్టూ సవన్నా గడ్డిమైదానాలు.

ఆ గడ్డి వల్లే మేత జంతువుల గుంపుల్లో ఆఫ్రికాదే పైచేయి. జీబ్రా, జిరాఫీ, నీటిగుర్రం సహజంగా అడవిలో తిరిగేది ఇప్పుడు అక్కడే. కానీ ఆ మండలంలో పెద్దపులి లేదు, ఎలుగుబంటి లేదు, చుక్కల దుప్పి సంగతి అటుంచి అసలు దుప్పి జాతే లేదు! సింహం రెండుచోట్లా ఉంది, మనకు గుజరాత్‌లోనే.

అడవి వైవిధ్యం చూడాలంటే నా ఓటు మన మండలానికే. మన పెరటి కోడికి మూలమైన ఎర్ర అడవికోడి ఇక్కడిదే. కేబీఆర్ పార్కులో పొద్దున్నే ఎదురయ్యే నెమలీ ఇక్కడిదే. దాని దూరపు చుట్టం ఒకటి కాంగో అడవుల్లో ఉందని శాస్త్రవేత్తలు 1936లో ప్రకటించారు.