లోరా మెసేజీలకి ఏ ఎన్‌క్రిప్షన్ మేలు? ఏఈఎస్సా, చాచానా, ఆస్కానా?

ఇందుకూరుపేట వైపు మా రొయ్యల గుంటల కాడ ఫోన్ సిగ్నల్ ఒక్క గీత వస్తే గొప్ప, అందుకని గుంటకొక లోరా బోర్డు (తక్కువ కరెంటుతో దూరం పోయే రేడియో) పెట్టుకుని షెడ్డుకి మెసేజీలు పంపుకుంటున్నాం, ఆక్సిజన్ తగ్గిందని, ఏరేటర్ వెయ్యమని, పట్టుబడి ఎప్పుడని. తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోయే టైంలో ఎవడన్నా ఏరేటర్ ఆపమని దొంగ మెసేజీ వదిలాడంటే పంట మొత్తం తేలిపోద్ది. అందుకే దీని మీద ఇన్నాళ్ళు కూర్చున్నా.

అందరూ ముందు అడిగేది ఏ సైఫర్ (ఏఈఎస్, చాచా, ఆస్కాన్ లాంటి ఎన్‌క్రిప్షన్ పద్ధతి) బ్యాటరీ తక్కువ తింటదని. 50 బైట్ల మెసేజీని ఎన్‌క్రిప్ట్ చెయ్యడానికి ఈఎస్పీ32 చిప్పుకి మిల్లీసెకను కూడా పట్టదు, బ్యాటరీ తినేది రేడియో. లోరాలో అన్నిటికంటే నెమ్మదైన ఎస్ఎఫ్12 సెట్టింగ్, 125 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌లో 16 బైట్లు ఎక్కువ పంపితే దాదాపు అర సెకను ఎక్కువ సేపు గాల్లో ఉండాలి, ఎస్ఎక్స్1262 రేడియో చిప్పు ఫుల్ పవర్‌లో ఆ అర సెకనూ 100 మిల్లీఆంప్స్ పైనే లాగుద్ది. కాబట్టి లెక్కపెట్టాల్సింది బైట్లు. మన తెలుగు అక్షరాల సంగతి కూడా చూసుకోండి, 'ఏరేటర్' అని తెలుగులో కొడితే 18 బైట్లు, ఇంగ్లీషు అక్షరాల్లో ఏడు.

అట్టని ట్యాగ్ (మెసేజీని దారిలో ఎవడూ మార్చలేదని తేల్చే ముద్ర బైట్లు) దండగని, గుట్టు దాచడం తప్ప మార్పు పట్టుకోలేని ఉత్త ఏఈఎస్ సీటీఆర్ మాత్రం పెట్టబాకండి. నేను టేబుల్ మీద చేసి చూశా. ఆన్‌కి 1, ఆఫ్‌కి 0 అని ఒక బైట్ పెట్టి, షెడ్డు బోర్డు ఆపేసి, కీ తెలియని మూడో బోర్డుతో ప్యాకెట్ పట్టుకుని ఆ బైట్‌లో చివరి బిట్ తిప్పి, షెడ్డు బోర్డు లేచినాక వదిలా. ఏ అనుమానం లేకుండా ఆఫ్ అని చదువుకుంది. కీ పగలగొట్టే పనే లేదు.

ట్యాగ్ ఉన్నవాటిల్లో నా ఓటు ఏఈఎస్ సీసీఎమ్‌కి, అంటే సీటీఆర్‌కి ట్యాగ్ కలిపిన పద్ధతికి. ఈఎస్పీ32, ఎన్ఆర్ఎఫ్52840 చిప్పులు రెండింటిలోనూ ఏఈఎస్‌కి హార్డ్‌వేర్ ఉంది, పైగా ట్యాగ్‌ని 8 బైట్లకి కుదించుకోవచ్చు, లోరా మీద నడిచే లోరావాన్ నెట్‌వర్క్ పద్ధతి అయితే సీమ్యాక్ అనే రకం ట్యాగ్‌తో 4 బైట్లతోనే నెట్టుకొస్తా ఉంది. చాచా20-పాలీ1305 నాకు ఇష్టమే, హార్డ్‌వేర్ లేని చిప్పులో కూడా వేగంగా పోద్ది, మెమరీలో లుకప్ టేబుళ్ళు వాడదు గనక టైమింగ్ లీకుల (పట్టిన టైము చూసి కీ పసిగట్టడం) భయం తక్కువ, కానీ ట్యాగ్ 16 బైట్లు ఖాయం, మా మెసేజీలు చూస్తే 20, 30 బైట్లు. ఆస్కాన్‌ని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2023లో ఎంచుకుని 2025లో ప్రమాణంగా ప్రకటించింది, చిన్న చిప్పుల కోసమే పుట్టింది, ఆర్పీ2040 లాగా ఏఈఎస్ హార్డ్‌వేర్ లేని బోర్డులే అన్ని గుంటల కాడా ఉంటే నేను దానికే పోతా. గుంట కాడ ఒకటి షెడ్డులో ఒకటి పెడితే కుదరదు, రెండు చివర్లా ఒకటే ఉండాల. స్పెక్ అనే ఇంకో సైఫర్ సంగతంటారా, అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ చేసింది, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓలోనే నమ్మకం కుదరక 2018లో పక్కన పెట్టారు, మనకెందుకు.

ఇవన్నీ ఒకెత్తు, నాన్స్ (ఒక కీతో ఒక్కసారే వాడాల్సిన అంకె, మాకది మెసేజీల కౌంటర్‌తో తయారవుద్ది) ఒకెత్తు. ఒకసారి వానకి ఒక బోర్డు బ్యాటరీ ఊడి మళ్ళీ పెట్టాం, కౌంటర్ సున్నా నుంచి మొదలైంది, అంటే అదే కీ, అదే నాన్స్, మెసేజీలు మాత్రం వేరు. పాత ప్యాకెట్టూ కొత్త ప్యాకెట్టూ ఎక్సార్ చేసి (బిట్టుకి బిట్టు పోల్చి, ఒకటే అయితే సున్నా) చూస్తే మొదట్లో వరసగా సున్నాలు, రెండూ 'గుంట 3' అనే మొదలయ్యాయి మరి! పైన చెప్పిన మూడింటిలో ఏది పెట్టినా ఇట్టా జరిగితే గుట్టు బయటపడద్ది. కౌంటర్‌ని ఫ్లాష్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీ) రాయాల, ప్రతి మెసేజీకీ రాస్తే ఫ్లాష్ అరిగిపోద్ది గనక నేను వందకోసారి రాసి, బోర్డు లేచినప్పుడల్లా రాసిన దానికి 100 కలిపి, ఆ కొత్త అంకె ముందు ఫ్లాష్‌లో రాసినాకే మొదటి మెసేజీ పంపేట్టు పెట్టా. నాన్స్‌లో గాల్లో పంపేది ఆ కౌంటర్ 4 బైట్లూ బోర్డు నంబరూ అంతే, మిగతాది రెండు పక్కలా ముందే తెలుసు. షెడ్డు బోర్డు ఆఖరున చూసిన అంకె కంటే పెద్దది కాకపోతే మెసేజీని పారేస్తది, దాంతో పాత ప్యాకెట్లు పట్టుకుని మళ్ళీ వదిలేవాడి ఆట కూడా కట్టింది.